మూడు పాత పోర్షేలు, పాతికవేల బడ్జెట్: అడిగే ధరలో న్యాయమెంత?

మా తోడల్లుడు అమెరికాలో, టెక్సస్ రాష్ట్రం ఆస్టిన్‌లో ఉంటాడు. నలభై నిండబోతున్నాయనగా రెండు సీట్ల బండి మీద మనసు పడ్డాడు. పాతికవేల డాలర్లు దాటనని ఇంట్లో మాటిచ్చి, ఒక శుక్రవారం రాత్రి మూడు ప్రకటనలు నాకు వాట్సాప్‌లో పంపాడు. కింద ఒకటే ప్రశ్న: "అన్నయ్యా, వీటిలో దేని రేటు కరెక్టుగా ఉంది?"

మొదటిది 2003 బాక్స్టర్ ఎస్. వెండి రంగు, 38,000 మైళ్ళు, 14,900 డాలర్లు. రెండోది 2007 కేమన్ ఎస్. ముదురు నీలం, 78,000 మైళ్ళు, 23,500. మూడోది 2010 బాక్స్టర్, ఎస్ కాదు, మామూలుది. 61,000 మైళ్ళు, డీలర్ దగ్గర 25,900. మూడూ పోర్షేలే, మూడింటికీ మాన్యువల్ గేర్లే. బాక్స్టర్ అంటే మడిచే గుడ్డ టాప్ ఉన్నది, కేమన్ అంటే గట్టి టాప్‌ది, ఎస్ అంటే ఎక్కువ శక్తి ఉన్న ఇంజిన్. మొదటి రెండూ సొంతదారులే అమ్ముతున్నారు.

అతని లెక్క సూటిగానే ఉంది. మొదటిది అన్నిటికన్నా తక్కువ తిరిగింది, అన్నిటికన్నా చవక, కాబట్టి అదే మంచి బేరం. రెండోది అంత తిరిగాక కూడా 23,500 అడగడం అత్యాశ. మూడోది బడ్జెట్ దాటింది, దాని సంగతి అనవసరం. ఈ లెక్కలో తప్పెక్కడుందో నాకు తెలుసు. ఎందుకంటే కొన్నేళ్ళ కిందట నేనూ ఇదే లెక్క వేసి మునిగాను.

అప్పట్లో ఒక పెద్దాయన గరాజ్‌లో దుప్పటి కప్పుకుని ఉన్న 2001 బాక్స్టర్ కొన్నాను. 29,000 మైళ్ళే తిరిగింది. తోలు సీట్ల మీద ముడత కూడా లేదు. ఇంటికి తెచ్చిన రెండో వారం పొద్దున్నే స్టార్ట్ చేస్తే అపార్ట్‌మెంట్ పార్కింగ్ అంతా తెల్లటి పొగ. పై అంతస్తు ఆవిడ ఫైరింజన్‌కి ఫోన్ చేయబోయింది. ఇంజిన్ ఆవిర్లలోంచి నూనెను వేరుచేసే చిన్న డబ్బా ఒకటుంటుంది, ఎయిర్ ఆయిల్ సెపరేటర్ అంటారు. దాని లోపలి పొర ఏళ్ళ తరబడి కదలక ఎండి చిరిగిపోయింది. ఆ నెలలోనే కూలెంట్ ట్యాంకు పగిలింది. టైర్లు చూస్తే తొమ్మిదేళ్ళవి. ఏడాది తిరిగేసరికి ఏడు వేల డాలర్లు బండి మింగింది. ఆ పెద్దాయన నన్నేమీ మోసం చేయలేదు. తను వాయిదా వేసిన ఖర్చులన్నీ నాకు అప్పజెప్పాడు, అంతే.

అందుకే నేను పాత బండి ధర చూసేటప్పుడు రెండు అంకెలు రాసుకుంటాను. ఒకటి అమ్మేవాడు అడిగేది, రెండోది బండి మోస్తున్న బాకీ. రెండూ కలిపితే వచ్చేదే అసలు ధర. ప్రకటనలో మొదటిదే ఉంటుంది, రెండోది మనం తవ్వుకోవాలి. హైదరాబాద్‌లో ఢిల్లీ రిజిస్ట్రేషన్ బండి చవగ్గా వస్తోందని మురిసిపోయేవాళ్ళకీ ఇదే వర్తిస్తుంది. అక్కడ బాకీ సగం కాగితాల్లో ఉంటుంది: ఎన్‌ఓసీ, మళ్ళీ కట్టాల్సిన లైఫ్ ట్యాక్సు.

ముందు సంత ధర తెలియాలి

మా తాతయ్య ఎద్దుల కోసం సంతకి వెళ్తే మొదటి రెండు గంటలు ఏదీ అడిగేవాడు కాదట. ఎవరి జత ఎంతకి తెగిందో చూస్తూ తిరిగేవాడట. అమ్మేవాళ్ళు చెప్పే రేటు కాదు, తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని ఖాయం చేసుకున్న రేటు. ఇక్కడా అదే పని. ప్రకటనల్లో ఉండేది కోరిక. ఆరు నెలలుగా అమ్ముడుపోని బండి ధర చూసి "మార్కెట్ ఇంత" అనుకుంటే మనమే ఆ కోరిక తీర్చినవాళ్ళమవుతాం.

తెగిన ధర చూడటానికి ఆన్‌లైన్ వేలాలు నయం. బ్రింగ్ ఎ ట్రైలర్ లాంటి చోట అమ్ముడైన ప్రతి బండి ధరా, ఫోటోలూ అలాగే ఉంటాయి. కొన్నవాడు ఆ పైన 5 శాతం ఫీజు కూడా కట్టాడన్నది మరిచిపోకూడదు. పాత కార్ల ధరలు అంచనా కట్టే కెల్లీ బ్లూ బుక్ అంకె మామూలు క్యామ్రీకి పనికొస్తుంది గానీ ఇలాంటి బళ్ళకి నేను పట్టించుకోను. క్లచ్ ఎప్పుడు మార్చారో, బేరింగు మార్చారో లేదో ఆ పుస్తకానికి తెలియదు. ఇక్కడ ధరంతా ఆ చిన్న విషయాల మీదే ఉంటుంది.

మేం ఒక్కో మోడల్‌కి పదేసి అమ్మకాలు తీసుకున్నాం. అదే తరం, అదే ఇంజిన్, మాన్యువల్ గేరే, మైళ్ళు ఇరవై వేలు అటూ ఇటూ. అన్నిటికన్నా పైదీ, కిందదీ వదిలేశాం. ప్రత్యేక ఎడిషన్లు కలపలేదు. 2004లో వచ్చిన 550 స్పైడర్ స్మారక బాక్స్టర్ ఎస్ 1,953 తయారయ్యాయి, 2008 ఆర్‌ఎస్ 60 స్పైడర్ 1,960, కేమన్ ఎస్ స్పోర్ట్ 700. వాటి ధరకి వేరే లోకం. కొందరు అమ్మేవాళ్ళు మామూలు బండికే "రేర్" అని తగిలించి ఆ లోకపు ధర అడుగుతారు. లోపలి తోలు రంగు అరుదైనదైతే అందులో రేరేముంది, ఎవరూ కోరుకోలేదని అర్థం.

ఆప్షన్ల సంగతి కూడా ఇంతే. ముందు డిక్కీ మూత లోపలి వైపు ఒక స్టిక్కర్ మీద మూడంకెల కోడ్‌లు ఉంటాయి. 475 అంటే సర్దుకునే సస్పెన్షన్, 640 అంటే స్పోర్ట్ క్రోనో, స్టాప్‌వాచీ స్పోర్ట్ బటనూ ఉన్న ప్యాకేజీ. ప్రకటనలో రాసినవన్నీ ఆ స్టిక్కర్ మీద ఉన్నాయో లేదో పోల్చాలి. కొత్తగా ఉన్నప్పుడు ఆప్షన్లకి పోసిన డబ్బులో పాత బండి ధరలో తిరిగొచ్చేది కొంచెమే. ఇక మన సొమ్ము దేనికి పెట్టాలంటే, స్పోర్ట్ సీట్లకీ, ఒక చక్రమే జారి తిరగకుండా చూసే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్‌కీ నేను నాలుగు డబ్బులు ఎక్కువిస్తాను, నావిగేషన్‌కి పైసా ఇవ్వను. పదిహేనేళ్ళ నాటి మ్యాపు ఎవడిక్కావాలి?

ఇంకో గీటురాయి కూడా పెట్టుకున్నాం: అదే డబ్బుకి ఇంకేమొస్తుంది? 2019 మాజ్డా మియాటా, 45,000 మైళ్ళు, అప్పుడు 21,500కి దొరికేది. 181 హార్స్‌పవర్, తేలిక బండి, విడిభాగాలు చవక. 2016 నుంచి వచ్చిన ఈ తరంలో మొదటి రెండు మూడేళ్ళ బళ్ళకి గేర్‌బాక్స్ గొడవ ఉంది, 2019 నుంచి ఆ బాధ తక్కువ. పోర్షే కొనేవాడు ఈ మియాటా కన్నా ఎంత ఎక్కువిస్తున్నాడో, దేనికిస్తున్నాడో తనకి తాను చెప్పుకోగలగాలి. మా తోడల్లుడిని అడిగితే కాసేపు ఆలోచించి, "చిన్నప్పుడు గోడ మీద అంటించుకున్న బొమ్మ అన్నయ్యా" అన్నాడు. సరే, దానికి లెక్కలు లేవు.

చవకదాని బాకీ

శనివారం వెండి బాక్స్టర్ చూడ్డానికి వెళ్ళాం. బానెట్ ఎత్తితే సామాను గుంత. వెనక మూత ఎత్తితే ఇంకో సామాను గుంత. "ఇంజిన్ ఏదీ?" అన్నాడు తోడల్లుడు. సీట్ల వెనక, వెనక చక్రాల ముందు దాక్కుని ఉంటుంది. చూడాలంటే కింద నుంచి చూడాలి, లేదా సీట్ల వెనక పలక విప్పాలి. కొనేవాడికి కంటికి కనబడేవి వెనక డిక్కీలో నూనె, కూలెంట్ పోసే మూతలు మాత్రమే. ఈ బళ్ళ ధర అంచనా కట్టడం ఎందుకంత కష్టమో ఇక్కడే తెలుస్తుంది.

కనబడేవి మాత్రం శ్రద్ధగా చూడొచ్చు. వెనక డిక్కీ మూలన కార్పెట్ నొక్కి చూశాను. చెయ్యి తడిగా, తియ్యటి వాసనతో వచ్చింది. కూలెంట్ ట్యాంకు అంచున పగులుంది. టైరు పక్కన డాట్ అని అక్షరాలుంటాయి, వాటి చివరి నాలుగంకెల్లో మొదటి రెండు వారం, తర్వాతి రెండు ఏడాది. ముందు టైర్ల మీద 1914 అని ఉంది. అంటే 2014లో పంతొమ్మిదో వారం. ఎద్దుకి పళ్ళు చూసినట్టు బండికి టైర్లు చూడాలి, అవి అబద్ధం చెప్పవు. లోతు నిండుగా ఉన్నా రబ్బరు గట్టిపడి చెక్కలా ఉంది. ముందొక కంపెనీ, వెనకొక కంపెనీ టైర్లు ఉంటే ఇంకో మాట కూడా తెలిసిపోతుంది: కనబడేచోటే పొదుపు చేసినవాడు కనబడని నూనె దగ్గర ఏం చేసి ఉంటాడు?

2003 కాబట్టి వెనక అద్దం గాజుది. 2002 దాకా వచ్చిన వాటికి ప్లాస్టిక్ కిటికీ, అది పసుపెక్కి పగులుతుంది. టాప్ కింద నీళ్ళు పోయే గొట్టాలు ఆకులతో మూసుకుపోతే నీళ్ళు సీటు కిందికి చేరతాయి. తాళాన్ని గుర్తుపట్టే ఎలక్ట్రానిక్ పెట్టె సరిగ్గా అక్కడే ఉంటుంది. సీటు కింద చెయ్యి పెట్టి చూశాం, పొడిగానే ఉంది.

పెద్ద బాకీ వేరే. ఈ ఇంజిన్లో క్రాంక్‌షాఫ్ట్ నుంచి వాల్వుల్ని ఆడించే షాఫ్టులకి తిప్పుడు అందించే నడిమి షాఫ్ట్ చివర ఒక బేరింగు ఉంటుంది. ఐఎంఎస్ బేరింగు అంటారు. అది విరిగితే వాల్వులు పిస్టన్లని కొట్టుకుని మొత్తం ఇంజిన్ పోతుంది. 2001 మే నుంచి 2005 ఫిబ్రవరి దాకా తయారైన బళ్ళ మీద అమెరికాలో క్లాస్ యాక్షన్ దావా నడిచి 2013లో రాజీ కుదిరింది. మన వెండి బండి ఆ మధ్యలోనిదే. ఎక్కువగా నిలబెట్టి ఉంచిన బళ్ళకే ఇది ఎక్కువని ఈ ఇంజిన్లు విప్పేవాళ్ళు అంటారు. అంటే ప్రకటనలో గొప్పగా రాసిన 38,000 మైళ్ళే ఇక్కడ ఎదురు తిరుగుతుంది.

"బేరింగు మార్చారా అండీ?" అని అడిగితే అమ్మేవాడు భుజాలెగరేశాడు. కాగితం లేకపోతే మార్చనట్టే. మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి, దించాక పాత క్లచ్‌నే మళ్ళీ ఎవరూ బిగించరు, వెనక సీలు కూడా మారుస్తారు. అన్నీ కలిపి బయటి షాపులో నాలుగు వేలు. టైర్లు 1,100. కూలెంట్ ట్యాంకు, వాటర్ పంపు 1,500. మొత్తం 6,600. అడిగే 14,900కి కలిపితే 21,500. ఇవన్నీ ముందే చేయించి, రసీదులతో సహా అమ్మిన ఇలాంటి బళ్ళు మా పది అమ్మకాల జాబితాలో 18,000 దగ్గర తెగాయి. మూడు బళ్ళలో చవకగా కనబడినదే సంత ధర కన్నా మూడున్నర వేలు ఎక్కువ పడుతోంది. లెక్క చూపించి 11,400 అన్నాం. ఆయన నవ్వి, ఇంకొకరు వస్తున్నారని చెప్పి తలుపేసుకున్నాడు. వచ్చే ఉంటారు కూడా.

నీలం కేమన్, ఒక గీత

కేమన్ ఎస్ యజమాని వేరే రకం మనిషి. లావుపాటి ఫైలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. తను కొన్న రోజు నుంచి ప్రతి నూనె మార్పూ, ప్రతి బ్రేకు ఫ్లూయిడూ తేదీతో, మైలేజీతో ఉన్నాయి. ముందే ఫోన్ చేసి, మేం వచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయొద్దని కోరాం. వెళ్ళగానే సైలెన్సర్ గొట్టం ముట్టుకుంటే చల్లగా ఉంది. మాట మీద నిలబడ్డాడు. వేడెక్కించి ఉంచిన ఇంజిన్ చాలా రోగాలు దాచేస్తుంది.

2006 నుంచి 2008 దాకా బళ్ళకి ఆ బేరింగు పెద్దది వేశారు. దాంతో గొడవలు బాగా తక్కువ. కాకపోతే ఇంజిన్ రెండు ముక్కలు చేస్తే గానీ అది బయటికి రాదు, కాబట్టి ముందు జాగ్రత్తగా మార్పించడమన్న మాట లేదు. ఈ 3.4 లీటర్ ఇంజిన్‌కి, 295 హార్స్‌పవర్‌కి, అసలు భయం ఇంకొకటి: సిలిండర్ గోడల గీతలు.

అమ్మేవాడి అనుమతితో పోర్షేలే చూసే ఒక స్వతంత్ర షాపుకి తీసుకెళ్ళాం. ఇలాంటి తనిఖీకి నాలుగు వందలు ఇచ్చాం, కెమెరా పరీక్షకి ఇంకొంచెం. పాతికవేల బండికి ఇది పెట్టడానికి వెనకాడేవాళ్ళని చూస్తే నాకు నవ్వొస్తుంది. తనిఖీ వద్దనే అమ్మకందారు దగ్గర అయితే మాటలే అనవసరం, నమస్కారం పెట్టి వచ్చేయడమే.

ముందు కంప్యూటర్ తగిలించారు. ఇంజిన్ నడిచిన గంటలు 2,450. 78,000 మైళ్ళని దానితో భాగిస్తే గంటకి దాదాపు 32 మైళ్ళు. ఊళ్ళో, హైవే మీద కలిపి తిరిగిన బండికి సరిపోయే సగటు. ఇది పది దగ్గరో అరవై దగ్గరో తేలితే మీటరు మీద అనుమానపడాలి.

తర్వాత ఓవర్‌రెవ్ లెక్క. నాలుగో గేరులో పోతూ మూడు బదులు పొరపాటున ఒకటి వేస్తే ఇంజిన్ తన హద్దు దాటి తిరుగుతుంది. అలా దాటినప్పుడల్లా ఎన్ని నిప్పురవ్వలు పడ్డాయో కంప్యూటర్ రాసుకుంటుంది. ఈ తరం బళ్ళలో రెండు శ్రేణులు, రెండోదే చెడ్డది. మన కేమన్ రెండో శ్రేణిలో 41 ఉంది. తోడల్లుడి మొహం వాడిపోయింది. నేను కాగితం మీద లెక్క వేశాను: ఆరు సిలిండర్లు, నిమిషానికి 7,500 చుట్లు అనుకుంటే సెకనుకి 375 నిప్పురవ్వలు. 41 అంటే సెకనులో తొమ్మిదో వంతు. అదీ చివరిసారి జరిగింది 612వ గంటలో. ఆ తర్వాత 1,800 గంటలు హాయిగా నడిచింది. ఎవరో మొదటి ఓనరు ఒకసారి చెయ్యి జారాడు, పోనీ. ఇదే అంకె 2,440వ గంటలో ఉంటే మాత్రం తాళం అక్కడే ఇచ్చేసేవాణ్ణి.

ఇంతవరకూ బండి గెలుస్తోంది. 23,500 నిజంగానే న్యాయమైన ధర అనిపించింది, అడక్కుండానే ఐదు వందలు తగ్గిస్తానని కూడా అన్నాడాయన.

మెకానిక్ బండి ఎత్తి, నూనె దించి, కింది పళ్ళెం విప్పి, సన్నటి కెమెరా తీగని సిలిండర్లలోకి కింద నుంచి పంపాడు. స్పార్క్ ప్లగ్ రంధ్రంలోంచి చూస్తే పై భాగమే కనబడుతుంది, గీతలు తరచూ కింది భాగంలో ఉంటాయి. తెర మీద మొదటి మూడు సిలిండర్లూ సన్నటి అడ్డదిడ్డపు గరుకుతో, నూనె తడితో మెరిశాయి. అలా ఉండటమే మంచిది. తర్వాతి వైపు వెళ్ళాడు. ఐదోదానిలో తీగ తిప్పుతూ ఆగిపోయాడు. ఏమీ అనలేదు. గోడ మీద నిలువుగా ఒక గీత, దాని పక్కన అంతకన్నా పల్చటిది ఇంకొకటి. గోరుతో తోలు మీద గీరినట్టు. ఈ ఇంజిన్‌లో గోడలు సిలికాన్ కలిసిన అల్యూమినియంవి. పిస్టన్ పక్కలకున్న పూత అరిగితే లోహం నేరుగా గోడని రాచుకుంటుంది. అది ఇంకా ఐదేళ్ళు నడవొచ్చు, వచ్చే చలికాలానికే టకటకమనొచ్చు. బాగుచేయాలంటే ఇంజిన్ మొత్తం విప్పాలి. పదిహేను వేలకి తక్కువ కాదు.

యజమానికి తెరమీదే చూపించాం. ఆయన చాలాసేపు దానివంకే చూశాడు. పాపం, ఆయనకీ తెలియదు. ఇరవై రెండు వేలకి ఇస్తానన్నాడు. ఇక్కడ నా అభిప్రాయం కటువుగానే ఉంటుంది: క్లచ్ బాకీ అయితే తీసేసి బేరమాడొచ్చు, సిలిండర్ గీతకి తీసివేత లెక్క లేదు. ఏడు వేలకిస్తే తీసుకుని ఇంజిన్ కట్టించుకునేవాళ్ళు ఉంటారు, వాళ్ళకది వ్యసనం. రెండు సీట్ల బండిలో ఆదివారం పొద్దున్న తిరగాలనుకునే మనిషికి ఏ ధరకీ అది న్యాయం కాదు.

బడ్జెట్ దాటినది

మిగిలింది 2010 బాక్స్టర్. 2.9 లీటర్ ఇంజిన్, 255 హార్స్‌పవర్. పక్కన పెట్టి చూస్తే కేమన్ ఎస్ కన్నా నలభై తక్కువ. 2009 నుంచి వచ్చిన ఇంజిన్లలో ఆ నడిమి షాఫ్టే లేదు, కాబట్టి ఆ బేరింగు గొడవా లేదు. మామూలు బాక్స్టర్‌కి ఆ ఏడాది నుంచే ఆరు గేర్ల మాన్యువల్ వచ్చింది, అంతకుముందు ఐదే. ఆటోమేటిక్‌లో పాత టిప్‌ట్రానిక్ పోయి రెండు క్లచ్‌ల పీడీకే వచ్చింది కూడా అప్పుడే. అందుకే 2008కీ 2009కీ మధ్య ఒక్క ఏడాదే తేడా అయినా ధరలో నాలుగైదు వేలు ఊరికే పెరగదు. ఆ తేడాని "ఎక్కువ" అనకూడదు, బాకీ ముందే తీర్చి ఉంచారనుకోవాలి.

డీలర్ షెడ్డులో ట్యూబ్‌లైట్ల కింద నిలబెట్టి ఉంది. ఇలాంటి లైటు దొరికితే వదలకూడదు. ముందు మూత మీద ట్యూబ్‌లైటు ప్రతిబింబం సూటిగా రావాల్సింది, ఒకచోట అలలా వంకరపోయింది. తల పక్కకి వంచితే ఇంకో రెండు అలలు. వడగళ్ళు. డాలస్ చుట్టుపక్కల వసంతంలో వడగళ్ళ వాన పడని ఏడాది లేదు, సొట్టలు వెనకనుంచి నొక్కి తీసేవాళ్ళకి ఇక్కడ చేతినిండా పని. రంగు చెడకుండా తీసేస్తారు కాబట్టి బండి చరిత్ర చెప్పే కార్‌ఫ్యాక్స్ రిపోర్టులోనూ ఉండదు, రంగు మందం కొలిచే మీటరుకీ దొరకదు. మీటరు ముందు మూత మీద ఐదు మిల్స్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు) చూపించింది, ఫ్యాక్టరీ రంగే. కుడి వెనక రెక్క మీద మాత్రం తొమ్మిది. ఎక్కడో పార్కింగ్‌లో గీసుకుంటే మళ్ళీ రంగు వేయించారు. ముప్ఫై, నలభై వచ్చి ఉంటే లోపల పుట్టీ ఉన్నట్టు, అప్పుడు కథ వేరు.

టెక్సస్‌లో ఇంకో జాగ్రత్త: 2017 ఆగస్టులో హార్వే తుఫాను వరదలో హ్యూస్టన్‌లో మునిగిన బళ్ళు ఎన్నో చేతులు మారాయి. సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి, బురద గీత ఉంటే అక్కడే కనబడుతుంది. బండి యాజమాన్య పత్రం, అంటే టైటిల్ మీద "రీబిల్ట్" అనో "సాల్వేజ్" అనో, అంటే బాగా దెబ్బతిన్న బండి అని, ఉంటే మా పది అమ్మకాల పోలిక మొత్తం చెల్లదు. మనదాని టైటిల్ శుభ్రంగా ఉంది, బెల్టులూ శుభ్రంగా ఉన్నాయి.

అదే షాపు, అదే నాలుగు వందలు. 1,980 గంటలు, అంటే సగటు గంటకి 31 మైళ్ళు. ఈ తరంలో ఓవర్‌రెవ్‌కి ఆరు శ్రేణులుంటాయి. మొదటి మూడింటిలో ఏవో అంకెలున్నాయి, నాలుగు నుంచి ఆరు దాకా సున్నాలు. అంతకన్నా కోరుకునేదేముంది? వాటర్ పంపు దగ్గర గులాబీ రంగు కూలెంట్ ఎండి పొరకట్టింది. వెనక టైర్లు అరిగాయి. బ్రేకు ఫ్లూయిడ్ రెండేళ్ళకోసారి మార్చాలి, నాలుగేళ్ళుగా మార్చలేదు.

ఇప్పుడు బేరం. "చాలా ఎక్కువ చెబుతున్నారు" అంటే ఏ డీలరూ కదలడు. కాగితం ముందు పెడితే కదులుతాడు. వెనక టైర్లు 650, వాటర్ పంపూ థర్మోస్టాటూ 850, బ్రేకు ఫ్లూయిడ్ 200. మొత్తం 1,700, షాపు రాసిచ్చిన అంకెలే. వడగళ్ళ సంగతి పక్కన పెట్టాం, దానికి ధర కట్టలేం, ఆయన ఒప్పుకోడు కూడా. 25,900 లోంచి 1,700 తీస్తే 24,200. సేల్స్ మేనేజర్ లోపలికి వెళ్ళొచ్చి 25,000 అన్నాడు. నెలాఖరు. మేం లేచి నిలబడ్డాం. ఇంకోసారి లోపలికి వెళ్ళొచ్చి సరేనన్నాడు.

అప్పుడు కూడా సంతకం పెట్టే ముందు పన్నుతో, డాక్యుమెంట్ ఫీజుతో కలిపి చివరి అంకె అడిగాం. బండి ధరలో తగ్గించింది అక్కడ మళ్ళీ రాబట్టుకునేవాళ్ళున్నారు. టెక్సస్ పన్ను 6.25 శాతం, 24,200 మీద 1,512 డాలర్ల 50 సెంట్లు. సొంతదారు దగ్గర కొంటే ఇంకో మెలిక ఉంటుంది. మీరు ఇచ్చిన ధర, రాష్ట్రం ఆ మోడల్‌కి లెక్కగట్టిన విలువలో 80 శాతం, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే దాని మీద పన్ను. వెండి బాక్స్టర్‌ని బేరమాడి బాగా తక్కువకి కొట్టేసినా పన్ను కట్టే కౌంటీ ఆఫీసు కౌంటర్ దగ్గర ఆ ఆనందం కొంత తగ్గేది.

పన్నుతో కలిపితే పాతికవేలు దాటింది కదా అని ఇంట్లో అడిగారట. "పన్ను బండి ధరలో లెక్క కాదు" అని సమాధానం చెప్పాడట. ఆ వాదన నేను నేర్పింది కాదు. మొన్న శనివారం ఆస్టిన్ నుంచి డాలస్ పక్కన ఫ్రిస్కో దాకా టాప్ తెరుచుకుని వచ్చాడు, జూలై ఎండలో, నూట మూడు డిగ్రీల ఫారెన్‌హీట్. మొహం కందిపోయి ఎర్రగా ఉంది. గ్లాసుడు మజ్జిగ తాగి, వెనక కొత్త టైర్ల మీద డాట్ అంకెలు చూపించాడు.